టోకెన్ లేని పిలుపు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. తణుకులో హాస్టల్లో ఉన్న రోజుల్లో పిల్లలంతా మంచాలు దగ్గరికి లాక్కుని దయ్యం కథలు చెప్పుకుంటుంటే, రేపు పరీక్ష ఉందని పోట్లాడి లైటు ఆర్పించి పడుకున్న మనిషిని నేను. ఆ తర్వాత దొరికిన ఉద్యోగం కూడా నా బుద్ధికి తగ్గట్టే ఉంది. ఒక ప్రోగ్రాం తప్పు చేసిందంటే దానికి కారణం ఉండి తీరుతుంది. కారణం దొరకలేదంటే మనం సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్లూ అదే నమ్ముకుని జీతం తీసుకున్నాను.

ఇది కూడా జరిగింది జరిగినట్టే రాస్తాను. నాకు తోచని కారణం చదివినవాళ్లకు తోస్తే అంతకంటే కావలసింది లేదు.

మాదాపూర్‌లో మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో మా ఆఫీసు ఉండేది. చిన్న కంపెనీ. పాత సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్లకు మార్చి ఇవ్వడం మా పని. కంప్యూటర్ భాషలకు కొన్నేళ్లకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. కొంతకాలానికి పాతదాన్ని పట్టించుకోవడం మానేస్తారు. పాతదానిలో రాసిన ప్రోగ్రాం కొత్తదానిలో ఒక్కోసారి అసలు నడవదు. ఒక్కోసారి చక్కగా నడిచి తప్పు జవాబు ఇస్తుంది. నడవకపోతే బాధ లేదు, వెంటనే తెలిసిపోతుంది. నడిచి తప్పు చేసేదాన్ని పట్టుకోవాలి. అది నా పని. ఒకే ప్రోగ్రాంను పాత వెర్షన్ మీద, కొత్త వెర్షన్ మీద పక్కపక్కనే నడిపించి, రెండింటికీ ఒకే సమాచారం ఇచ్చి, ఒకే ఫలితం వస్తోందో లేదో చూస్తాను. తేడా వచ్చిన చోట ఆగి, ఎందుకు వచ్చిందో తవ్వుతాను.

ఆ ఏడు మాకు ఒక ఆసుపత్రి పని వచ్చింది. పేరు చెప్పను. గచ్చిబౌలి దాటాక ఉంటుంది. తక్కువ ఫీజుకు చూస్తారని చుట్టుపక్కల టవర్లలో సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు, కట్టుబడి పనివాళ్లు అక్కడికే వెళతారు. కూర్చునే హాల్లో రోగుల పేర్లు స్పీకర్‌లో పిలిచే సాఫ్ట్‌వేర్ ఉంది. చాలా పాతది. టోకెన్ కౌంటర్లో పేరు ఎక్కించగానే అది వరుసలో చేరుతుంది. వంతు రాగానే "ఫలానా గారూ, మూడో గదిలోకి రండి" అని ఒక ఆడ గొంతు పిలుస్తుంది.

ఆ గొంతు అప్పట్లో అక్కడ రిసెప్షన్‌లో పనిచేసిన ఒకావిడది. అక్షరాలూ గుణింతాలూ విడివిడిగా చదివించి రికార్డు చేశారు. ప్రోగ్రాం పేరును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు తగిన శబ్దాన్ని అతికిస్తుంది. అందుకే ఏ పేరైనా తాతలనాటి గోడ గడియారంలా ఆగి ఆగి పలుకుతుంది. "గదిలోకి రండి" అనే మాట మాత్రం మొత్తంగా ఒకే రికార్డింగ్.

మొదట్లో అన్నీ మామూలు ఇబ్బందులే. పాత వెర్షన్ ఒక్కో తెలుగు అక్షరాన్ని లోపల మూడు ముక్కలుగా లెక్కపెట్టేది. కొత్తది అక్షరాన్ని అక్షరంగానే చూస్తుంది. పాతవాళ్లు మూడేసి చొప్పున కోయమని రాసిపెట్టారు. కొత్తదానిలో అలా కోస్తే మూడేసి అక్షరాలు కలిసి తెగి, "వెంకటేశ్వర్లు" అనే పేరు ఎవరో నోటినిండా నీళ్లు పెట్టుకుని పలికినట్టు వచ్చేది. నేనూ, నాతో పనిచేసే మహేందరూ నవ్వుకుంటూ ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాం. మహేందర్‌ది సిద్దిపేట వైపు. నాకంటే చిన్నవాడు, పనిలో మాత్రం గట్టివాడు.

టెస్టింగ్ కోసం మాకు ఒక అద్దాల గది ఇచ్చారు. అందులో రెండు కంప్యూటర్లు, ఆసుపత్రి నుంచి తెచ్చిన ఒక స్పీకర్.

ఒకరోజు భోజనాలయ్యాక నేను ఒక్కదాన్నే అక్కడ ఉన్నాను. కొత్త వెర్షన్ మీద పేర్లు వరుసగా పిలిపిస్తున్నాను. టెస్టింగ్ కోసం నేనే రాసుకున్న పేర్లు కాబట్టి తర్వాత ఏది వస్తుందో నాకు తెలుసు. మధ్యలో ఆ గొంతు ఇలా అంది.

"లచ్చవ్వా, లోపలికి రా."

నేను ఆ పేరు రాయలేదు. మహేందర్ ఎక్కించాడేమో అనుకున్నాను. ఆ వెంటనే తట్టింది, మా సాఫ్ట్‌వేర్ ఎవరినీ "రా" అనదు. చంటిపిల్లాడి పేరైనా సరే, గారూ, రండి అనే అంటుంది.

మహేందర్ టీ తాగి వచ్చాక అడిగాను. "నేనేం ఎక్కియ్యలే అక్కా" అన్నాడు. ప్రోగ్రాం తాను పిలిచిన ప్రతి పేరునూ రాసిపెట్టుకుంటుంది. అందులోనూ లేదు. ముందు పేరు ఉంది, తర్వాత పేరు ఉంది, మధ్యలో ఏమీ లేదు.

వెర్షన్ మార్పుల్లో ఇలాంటివి బయటపడుతుంటాయి. ఎవరో ఎప్పుడో పరీక్ష కోసం పెట్టి మరిచిపోయిన పేరు ఏ మూలనో ఉంటుంది. పాతది దాన్ని దాటేస్తుంది, కొత్తది చదివేస్తుంది. అలాంటిదే అనుకుని సాయంత్రం దాకా వెతికాను. ప్రోగ్రాం మొత్తంలో ఎక్కడా "లచ్చవ్వ" లేదు.

రెండోసారి వినిపించినప్పుడు మహేందర్ కూడా ఉన్నాడు. ఈసారి నడుస్తున్నది పాత వెర్షన్. అదే పేరు, అదే మాట. తేడా కొత్త వెర్షన్ వల్ల వచ్చిందన్న నా లెక్క అక్కడికి పోయింది.

మహేందర్ స్పీకర్ వెనక తీగలు తడిమి చూశాడు. తర్వాత అన్నాడు.

"అక్కా, గిది మిషన్ పిలిచినట్టు లేదు. మా ఊర్ల పొద్దుగూకంగ ఇంటి ముందట నిలబడి పిలుస్తరు సూడు. గట్లుంది."

అతను అన్నాకే నాకు అర్థమైంది, నన్ను మొదటిసారి కలవరపెట్టింది ఏమిటో. ఆ పిలుపులో అతుకులు లేవు. మిగతా పేర్లన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఇది ఒకే ఊపిరిలో వచ్చింది. చివర్లో "రా" కొంచెం సాగింది. గొంతు ఆ రిసెప్షన్ ఆవిడ గొంతే అని నేను అనుకున్నాను. మహేందర్ కాదన్నాడు. ఇది పెద్ద వయసు గొంతు అన్నాడు.

మా మేనేజర్ కిషోర్ గారికి చెప్పాం. ఆయన వచ్చి చాలాసేపు కూర్చున్నారు. ఏమీ వినిపించలేదు.

"రాములు, రాజయ్య లాంటి పేర్ల కోసం 'రా' రికార్డు చేసే ఉంటారు కదండీ. ముక్కలు అటూ ఇటూ కలిసిపోయి ఉంటాయి. పేరు కూడా అలాగే కలిసి ఉంటుంది" అన్నారు.

ఆయన మాటలో న్యాయం ఉంది. నేనూ అదే నమ్మాలనుకున్నాను. ఆసుపత్రి వాళ్ల ద్వారా ఆ గొంతు తాలూకు ఆవిడతో ఫోన్లో మాట్లాడాను. ఇప్పుడు వరంగల్‌లో ఉంటున్నారట. తాను చదివింది అక్షరాలూ అంకెలూ "గారూ", "గదిలోకి రండి" అన్న మాటలూ మాత్రమేననీ, ఎవరినీ పేరు పెట్టి పిలిచి రికార్డు చేయలేదనీ చెప్పారు. "లోపలికి" అనే మాటే తాను చదవలేదన్నారు. నేను రికార్డింగులన్నీ మళ్లీ విన్నాను. నిజమే, ఆ మాట లేదు.

మూడోసారి జరిగింది చెప్పడానికి నాకు ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. ఆ రోజు పొద్దున కరెంటు వాళ్లు ఏదో పని పెట్టుకుంటే మా కంప్యూటర్లు రెండూ ఆపేసి ఉన్నాయి. స్పీకర్ మాత్రం వేరే ప్లగ్గులో, ఆన్‌లోనే ఉంది. మేం కంప్యూటర్లను ఇంకా ఆన్ చేయలేదు. మహేందర్ తీగలు సర్దుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. పిలుపు వచ్చింది. ఎప్పటిలాగే ఒక్కసారి.

మహేందర్ వెళ్లి స్పీకర్ ప్లగ్గు పీకేశాడు. స్పీకర్లు అప్పుడప్పుడు గాలిలో వెళ్లే రేడియో శబ్దాలను అందుకుంటాయని తర్వాత చదివాను. అలాంటిదే అయ్యుండవచ్చు. కానీ అదే పేరుతోనా?

ఆ తర్వాత మహేందర్ ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి స్పీకర్ పక్కనే పెట్టి ఉంచేవాడు. రోజూ ఏసీ చప్పుడూ, మేం ఎక్కించిన పేర్లూ తప్ప ఏమీ పడలేదు. టెస్టులన్నీ పాసయ్యాయి. పాతదానికీ కొత్తదానికీ ఫలితం అక్షరం తేడా లేకుండా వచ్చింది. కొత్త వెర్షన్‌కు మారడానికి ఆసుపత్రి వాళ్లు ఒక సోమవారం పొద్దున కుదురుతుందన్నారు.

సోమవారాల్లో అక్కడ జనం ఎక్కువ. మేం వెళ్లేసరికే హాల్లో కుర్చీలు నిండిపోయి, గోడల పక్కన కింద కూడా కూర్చుని ఉన్నారు. టోకెన్ కౌంటర్ ముందు లైను బయటి మెట్ల దాకా ఉంది. మహేందర్ కౌంటర్ వెనక సర్వర్ గదిలో ఉన్నాడు. నేను హాల్లో స్తంభం పక్కన నిలబడి, పేర్లు సరిగ్గా పలుకుతున్నాయో లేదో వింటున్నాను. మొదటి పేర్లు బాగానే వచ్చాయి. జనం లేచి గదుల్లోకి వెళుతున్నారు. నాకు కాస్త ఊపిరి తిరిగింది.

అప్పుడు హాల్లోని స్పీకర్‌లో వినిపించింది.

"లచ్చవ్వా, లోపలికి రా."

మహేందర్‌కు ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఈలోగా వెనక వరుసలో ఒక ముసలావిడ లేచి నిలబడింది.

బక్కపలచని మనిషి. ఆకుపచ్చ నేతచీర, భుజం మీద చేతిరుమాలు. లేచిన తీరు చూస్తే అప్పటిదాకా ఆ పిలుపు కోసమే చూస్తున్నట్టు ఉంది. "వస్తున్ననే అక్కా" అంది. పక్కవాళ్లతో అన్నట్టు కాదు, దూరంగా ఉన్నవాళ్లకు వినపడాలని అన్నట్టు. చెప్పులు కుర్చీ కిందే వదిలేసి నడవడం మొదలుపెట్టింది.

డాక్టర్ల గదులు కుడివైపు ఉన్నాయి. ఆవిడ ఎడమవైపు వెళుతోంది. అటు ఒక ఇనుప తలుపు ఉంది, ఎప్పుడూ మూసే ఉంటుంది. దాని అవతల జనరేటర్ పెట్టిన ఖాళీ జాగా తప్ప ఏమీ లేదు. ఆవిడ ఆ తలుపు వైపే చూస్తూ, తెలిసిన ఇంట్లోకి వెళుతున్నట్టు వెళుతోంది.

నేను జనాన్ని తప్పించుకుంటూ పరుగెత్తాను. తలుపు దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, అటు కాదు" అన్నాను. చెయ్యి చెమటతో తడిగా, మంచులా ఉంది. ఆవిడ నా వైపు తిరగలేదు.

"ఇడిసిపెట్టు బిడ్డా. మా అక్క పిలుస్తుంది."

"అక్కడ ఎవరూ లేరమ్మా. కూర్చోండి."

"ఉన్నది. పిలుస్తుంది. ఇడిసిపెట్టు."

కోపంగా అనలేదు. బస్సు కదిలిపోతోందంటే చెయ్యి వదిలించుకునేవాళ్లు ఎలా అంటారో అలా అంది. వయసుకు మించిన బలంతో లాగింది. నేను వదల్లేదు. అలా లాగుతూ లాగుతూనే ఆవిడ మోకాళ్లు వంగిపోయాయి. నా మీదికి ఒరిగి, నెమ్మదిగా నేల మీద కూర్చుండిపోయింది. కళ్లు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

వాచ్‌మన్ వచ్చాడు, నర్సులు వచ్చారు. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లారు. టోకెన్ లైనులో నుంచి ఒకామె "అమ్మా, అమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చింది. ఆవిడ కూతురు. పేరు అనిత. నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుందని తర్వాత తెలిసింది. తల్లికి నాలుగు రోజులుగా ఆయాసంగా ఉందంటే ఊరి నుంచి పిలిపించుకుని, ఆ పొద్దున సెలవు పెట్టి తీసుకొచ్చింది.

గుండెపోటు అన్నారు. డాక్టర్లు చాలాసేపు ప్రయత్నించారు. మధ్యలో ఒక డాక్టరు బయటికి వచ్చి, పేషెంటు మణికట్టు మీద ఆ గుర్తులేమిటని అడిగారు. నా వేళ్ల గుర్తులని చెప్పాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్లిపోయారు. మధ్యాహ్నం దాటకముందే ఆవిడ పోయింది.

నేను ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లలేకపోయాను. అనిత ఒక్కతే వరండాలో నేల మీద కూర్చుని ఉంది. భర్తకు ఫోన్ చేసి, అతను పుప్పాలగూడలో పని దగ్గర నుంచి రావాలని ఎదురుచూస్తోంది. పక్కన కూర్చున్నాను. ఏడుపు ఆగాక ఆమే అడిగింది.

"మేడం, మా అమ్మను ఎవరు పిలిచిన్రు? ఇంకా నా చేతికి టోకెనే రాలే."

"పేరు రాయించావా?"

"లేదు మేడం. నా ముంగట శానమంది ఉండిరి. రాపిచ్చినా లక్ష్మమ్మ అని రాపిస్తుంటి. ఆధార్ల అదే ఉన్నది. లచ్చవ్వ అని ఎవరు పిలువరు. మా పెద్దమ్మ ఒక్కతే అట్ల పిలుస్తుండె. అమ్మమ్మ సచ్చిపోతె అమ్మను ఆమెనే సాదింది. పెద్దమ్మ పోయి శానేండ్లాయె."

ఆమె పిలుపు విన్నదా అని అడిగాను. విన్నానంది. లైనులో గోలగా ఉంటే ముందు పట్టించుకోలేదట. ఆ తర్వాత తల తిప్పి చూసేసరికి తల్లి కుర్చీలో లేదట.

తర్వాత ఇంకొందరిని కూడా అడిగాను. వాచ్‌మన్ ఏదో పేరు విన్నానన్నాడు, ఏ పేరో చెప్పలేకపోయాడు. వెనక వరుసలో ఆవిడ పక్కనే కూర్చున్న అతను స్పీకర్‌లో అప్పుడు ఏమీ రాలేదనీ, ముసలామె తనంతట తానే లేచిందనీ గట్టిగా చెప్పాడు. సర్వర్ గదిలో మహేందర్‌కు వినపడే అవకాశం లేదు. ప్రోగ్రాం రాసిపెట్టుకున్న పేర్లలో, మామూలే, అది లేదు.

గుండెకు రక్తం అందనప్పుడు మనుషులకు ఎవరో పిలిచినట్టు అనిపించడం మామూలేనని ఆ డాక్టరు అన్నారు. ఆవిడ విషయంలో ఆ మాట సరిపోతుంది. నా గుండెకు ఏ జబ్బూ లేదు. మహేందర్ గుండెకూ లేదు. ఆవిడ ఊళ్లో తన ఇంట్లో ఉన్నప్పుడే, మాదాపూర్‌లో అద్దాల గదిలో ఆ పేరు మేమిద్దరం విన్నాం. లచ్చవ్వ అనే పేరు తెలంగాణలో కొత్తదేమీ కాదని కిషోర్ గారు గుర్తుచేశారు. అదీ నిజమే. ఏ సోమవారమైనా ఆ హాల్లో ఒక లచ్చవ్వ ఉండవచ్చు.

ఆ వారమంతా ప్రోగ్రాంను మళ్లీ మొదటి వరుస నుంచి చదివాను. పాత, కొత్త వెర్షన్లు రెండింటి మీదా నడిపాను. ఏ వెర్షన్ ఎక్కడ తేడాగా ప్రవర్తిస్తుందో, ఎందుకో అంతా చెప్పగలను. ఈ ఒక్కటి చెప్పలేను. ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. మహేందర్ కొన్నాళ్లకు బెంగళూరు వెళ్లిపోయాడు. ఫోన్ చేసినప్పుడు అన్నీ మాట్లాడతాడు, ఆ సంగతి తప్ప. ఒకసారి నేనే ఆ మాట ఎత్తబోతే "ఇడిసెయ్యి అక్కా" అన్నాడు.

నన్ను తర్వాత నానక్‌రామ్‌గూడలో వేరే ఆఫీసుకు వేశారు. ఒక సాయంత్రం షేర్ ఆటోలు ఆగే చోట అనిత కనిపించింది. యూనిఫాంలో ఉంది, చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది. పిల్లల గురించీ, తల్లి దినాల గురించీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగి అడిగింది.

"మేడం, ఒక్కటడుగుత. ఆ పిలుపు మీ కంప్యూటర్ల ఉన్నదా?"

"ఎందుకు అనితా?"

"నాకు ఒక్కసారి వినవడితె సాలు. మా పెద్దమ్మ గొంతు నేను ఎక్కడున్నా గుర్తువడత. ఆమెనే అయితె అమ్మను తోలుకపోను మనిషి వచ్చినట్టు గదా. అది తెలిస్తె మనసుకు జర నిమ్మలం అయితది."

లేదని చెప్పాను. ఎంత ప్రయత్నించినా రికార్డు కాలేదని, యంత్రంలో ఎక్కడా మిగల్లేదని చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"లేదా మేడం, ఇయ్యొద్దని పెద్దసార్లు చెప్పిన్రా?"

"నిజంగా లేదు."

"సరే తియ్యి మేడం" అంది. ఆటో వచ్చింది. వెనక సీట్లో ఇద్దరి మధ్య సర్దుకుని కూర్చుంది. చెయ్యి ఊపలేదు.

ఆ పిలుపు ఎవరిదో నాకు తెలియదు. ఆ ముసలావిడ కోసం వచ్చిందే అయితే, ముందుగా ఆమె ముఖం కూడా ఎరగని మా ఇద్దరి దగ్గరికి ఎందుకు వచ్చిందో అంతకన్నా తెలియదు. ఎవరైనా అడిగితే ఇంతవరకే చెప్పగలను. అనిత మాత్రం నేను దాచిపెట్టాననే అనుకుంటూ ఉండి ఉంటుంది.